లాయర్ గారూ, ఒక్క మాట!

ఈసారి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు కలిపి బాగానే వచ్చాయండీ, సగానికి పైగా ఒకటే వరస, "ఎవరో చెప్పారు" అని మొదలవుతాయి. ఆ చెప్పినాయన ఎవరో నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కోర్టు దగ్గర కనపడలేదు, సరే ఆయన సంగతి వదిలేసి ఉత్తరాల్లోకి వెళ్దాం.

ప్రశ్న: నా పెళ్ళి 1982లో అయింది. నాన్న 1998లో పోయారు, వీలునామా రాయలేదు. ముత్తాతల నాటి పొలం 4 ఎకరాలు, నాన్న జీతం డబ్బులతో కట్టిన ఇల్లు ఉన్నాయి, ఇప్పటిదాకా పంచుకోలేదు. అమ్మ, ఇద్దరన్నయ్యలు ఉన్నారు. ఇప్పుడు పొలం అమ్ముతున్నాం, రిజిస్ట్రార్ ఆఫీసుకొచ్చి సంతకం పెట్టి వెళ్ళు అంటున్నారు. 1985కి ముందు పెళ్ళయిన ఆడపిల్లకి హక్కు లేదట, ఊరికే ఫార్మాలిటీకి అంటున్నారు. నిజమేనా అండీ? (ఒక పాఠకురాలు, తెనాలి)

హక్కే లేకపోతే సంతకం ఎందుకమ్మా మరి? దారిన పోయేవాళ్ళ సంతకం ఎవరూ అడగరు కదా.

అయితే మీ అన్నయ్యలది పూర్తిగా గాల్లోంచి ఊడిపడ్డ మాట కూడా కాదు, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉన్నప్పుడు హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్రం సవరణ తెచ్చింది, ఆడపిల్లకి కూడా కొడుకుతో సమానంగా పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో వాటా అని, అది 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకొచ్చింది, కాకపోతే అప్పటికే పెళ్ళయిపోయిన వాళ్ళకి వర్తించదని మెలిక పెట్టారు. ఆ మెలిక ఒక్కటే జనానికి గుర్తుండిపోయింది. తర్వాత 2005లో పార్లమెంటు దేశం మొత్తానికి సవరణ చేసింది, సెప్టెంబర్ 9 నుంచి అమలు, అందులో పెళ్ళయిందా లేదా, ఎప్పుడయింది అన్న గొడవే లేదు. మరి నాన్న అంతకు ముందే పోతే ఎలా అని కోర్టుల్లో చాలా ఏళ్ళు నలిగింది, చివరికి 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, 2005 నాటికి తండ్రి బతికి ఉండక్కర్లేదు, కూతురి హక్కు పుట్టుకతో వచ్చేదే అని. కాబట్టి మీ 1982 పెళ్ళీ అడ్డం కాదు, నాన్నగారు 1998లో పోవడమూ అడ్డం కాదు.

అడ్డం వచ్చేది ఒకటుంది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్డ్ దస్తావేజుతో గానీ కోర్టు డిక్రీతో గానీ పంపకం అయిపోయి ఉంటే దాన్ని ఇప్పుడు కదపలేం, ఆలోపు అమ్మేసిన పొలమైనా అంతే. "మేం నోటిమాటగా ఎప్పుడో పంచేసుకున్నాం" అని వాళ్ళిప్పుడు అంటే మాత్రం కోర్టు అంత తేలిగ్గా ఒప్పుకోదు, దానికి గట్టి సర్కారీ రికార్డు చూపించాలి.

ఇక లెక్క చూడండి, కాగితం మీద వేసుకోండి. 4 ఎకరాలంటే 400 సెంట్లు. ఉమ్మడి ఆస్తిలో వాటాదారులు నాన్న, ఇద్దరన్నయ్యలు, మీరు, నలుగురికీ తలా 100 సెంట్లు. నాన్నగారి 100 మళ్ళీ అమ్మకి, మీ ముగ్గురికి, 25 చొప్పున. అంటే మీకు 125, అన్నయ్యలకి చెరో 125, అమ్మకి 25. ఇల్లు నాన్న సొంతార్జితం కాబట్టి అది సూటిగా నాలుగు సమాన వాటాలు. ఒకవేళ ఆ పొలం అసలు ఉమ్మడి ఆస్తే కాదు, తాతగారు 1956 తర్వాత పోతే నాన్నకి వారసత్వంగా వచ్చింది అని రికార్డులో తేలితే అప్పుడది నాన్న సొంత ఆస్తి కిందకి వస్తుంది, అప్పుడు కూడా మీ నలుగురికీ తలా 100 సెంట్లు. ఎటు తిప్పి చూసినా మీ వాటా ఎకరానికి తగ్గదు.

సంతకం సంగతికొస్తే, ఆ రోజు మీ ముందు పెట్టే కాగితం ఏంటో ముందే జెరాక్స్ తెప్పించుకోండి. సేల్ డీడ్‌లో మీరూ అమ్మేవాళ్ళలో ఒకరైతే డబ్బులో మీ వాటా మీ అకౌంట్లో పడాలి. హక్కు విడుదల దస్తావేజు అయితే మీ వాటా మీ చేతులతో వాళ్ళకి వదిలేస్తున్నట్టు, రిజిస్టర్ అయ్యాక "నాకు చదవడం రాదు, అన్నయ్య పెట్టమన్నాడు" అంటే వినేవాళ్ళు తక్కువ. మీకు ఇష్టమై వదిలేస్తే అది మీ మంచితనం, నేనెవర్ని కాదనడానికి, కానీ ఎంత వదులుతున్నారో తెలిసి వదలండి. ఇవ్వం పో అని వాళ్ళు తెగేసి చెప్తే లాయర్ నోటీసు, తర్వాత సివిల్ కోర్టులో పార్టిషన్ దావా. అలా తెగేసి చెప్పినట్టు మీకు తెలిసిన రోజు నుంచి 12 ఏళ్ళ గడువు నడుస్తుంది, చూద్దాంలే అని కూర్చోకండి.

ప్రశ్న: తెలిసినాయనకి 3 లక్షలు అప్పిచ్చి ప్రోనోటు రాయించుకున్నా. రెండేళ్ళ పది నెలలైంది. వడ్డీ అప్పుడప్పుడు ఫోన్‌పే చేస్తున్నాడు, అసలు అడిగితే వచ్చే సంక్రాంతికి అంటున్నాడు. మంచివాడే. తొందరపడాలా? (ఒక పాఠకుడు, నంద్యాల)

పడాలి బాబూ, రేపే పడాలి. ప్రోనోటుకి ఆయుష్షు రాసిన తేదీ నుంచి 3 ఏళ్ళు, మీకు మిగిలింది రెండు నెలలు, ఆయన మంచివాడా కాదా అన్నదానికీ దీనికీ సంబంధం లేదు. మా నాన్నగారి తరంలో ఊళ్ళో షావుకార్లకి చదువు లేకపోయినా ఈ ఒక్క సెక్షన్ మాత్రం కంఠతా వచ్చు, మూడో ఏడు దగ్గరపడుతుంటే నోటు సంచిలో పెట్టుకుని పొద్దున్నే గుమ్మంలో కూర్చునేవాళ్ళు, చెల్లు వేయించుకోడానికి.

ఆ చెల్లు ఎలాగంటే, నోటు తిరగేయండి, వెనకవైపు ఖాళీగా ఉంటుంది కదా, అక్కడ ఆయన చేత ఫలానా తేదీన వడ్డీ కింద గానీ అసలు కింద గానీ ఇంత చెల్లించాను అని రాయించి, తేదీ వేయించి సంతకం పెట్టించుకోండి. వెయ్యి రూపాయలైనా పర్లేదు. ఆ తేదీ నుంచి మళ్ళీ కొత్తగా 3 ఏళ్ళు మొదలవుతుంది. ఫోన్‌పేలో వేస్తున్నాడుగా అదే చెల్లు కాదా అని మీకు అనిపించొచ్చు, కానీ చట్టం అడిగేది చెల్లించినట్టు అతని చేతిరాత గానీ సంతకం గానీ, ఫోన్లో వేసినదానికి ఆ సంతకం ఏదీ అని అవతలి లాయర్ వాదన మొదలెడతాడు, ఆ తలనొప్పి మనకెందుకు. ఇంకో మాట, చెల్లు మీరే రాసేసి సంతకం మాత్రం ఆయనలా గీకేయకండి, నవ్వకండి, ఇలాంటివి నేను చూశాను, అప్పు పోయేదానికి పైన క్రిమినల్ కేసు తగులుతుంది.

ఒకవేళ ఈ పత్రిక మీ చేతికొచ్చేసరికి 3 ఏళ్ళు దాటిపోతే వెనకాల చెల్లు వేయించినా లాభం లేదు. అప్పుడు పాత బాకీ ఇంత ఉంది, అది తీరుస్తాను అని రాతపూర్వకంగా కొత్తగా ఒప్పుకుని సంతకం పెడితే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 25 ప్రకారం అది చెల్లుతుంది, సింపుల్‌గా కొత్త నోటు రాయించుకోవడమే. చెక్ కూడా ఉందని చివర్లో రాశారు, చెక్ మీద తేదీ నుంచి 3 నెలల్లోపే బ్యాంకులో వేయాలి, బౌన్స్ అయిందని మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక అతనికి 15 రోజులు టైమ్, అప్పటికీ ఇవ్వకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో కంప్లైంట్. ఈ తేదీలు క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టుకోండి.

ప్రశ్న: మా ఇంట్లో అద్దెకున్నాయన 12 ఏళ్ళు దాటింది కాబట్టి ఇల్లు తనదే అంటున్నాడు. (ఒక పాఠకుడు, ఖమ్మం)

అవదు. అద్దెకి దిగినవాడు ఎన్నేళ్ళున్నా అద్దెకున్నవాడే. 12 ఏళ్ళ రూలు ఓనరుకి ఎదురుతిరిగి ఈ ఆస్తి నాదే అని బాహాటంగా అనుభవించేవాళ్ళ గురించి, మీరు రమ్మంటే వచ్చినవాళ్ళ గురించి కాదు. అద్దె మాత్రం చేతికి తీసుకోకండి, బ్యాంకులో వేయించుకోండి, అదే మీ సాక్ష్యం.

ప్రశ్న: నాకు 68 ఏళ్ళు. మా వారు పోయాక 2019లో నా పేరున ఉన్న ఒక్క ఇల్లు అబ్బాయికి గిఫ్ట్ డీడ్ రాసిచ్చాను, చివరిదాకా చూసుకుంటానన్నాడు. ఇప్పుడు పెరట్లో రేకుల గదిలో పెట్టారు, అన్నం కోడలు పెడితే తిన్నట్టు లేకపోతే లేదు. ఇచ్చింది వెనక్కి రాదంటున్నారు అందరూ. (ఒక తల్లి, కరీంనగర్)

అమ్మా, అందరూ అనేదాంట్లో సగం నిజం ఉంది. మామూలుగా అయితే రిజిస్టర్ చేసి, అవతలివాళ్ళు పుచ్చుకున్న గిఫ్ట్‌ని మనసు మారిందని వెనక్కి తీసుకోలేం. కానీ మీలాంటి వాళ్ళ కోసమే 2007లో తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ చట్టం వచ్చింది, 60 ఏళ్ళు దాటినవాళ్ళు తమ బాగోగులు చూడాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక పుచ్చుకున్నవాళ్ళు చూడకపోతే ఆ బదిలీని మోసంతో చేయించుకున్నట్టు లెక్కగట్టి రద్దు చేయొచ్చని సెక్షన్ 23 చెప్తుంది.

ఇక్కడ కీలకం ఆ షరతు అన్నమాట. మీ డీడ్ బయటకి తీయండి, చదవడం కష్టమైతే పక్కింటి పిల్లల చేత చదివించండి. డాక్యుమెంట్ రైటర్లు ఎక్కువగా ఒకటే అచ్చు వాక్యం కొడతారు, "నీయందు నాకు గల ప్రేమాభిమానముల చేత ఇందుమూలముగా దఖలు పరచడమైనది" అని. ఆ పక్కనో, కింది పేరాలోనో "నన్ను నా జీవితాంతము పోషించుచూ" లాంటి ముక్క ఒకటి ఉందేమో వెతకండి. ఉంటే మీ కేసు సగం గెలిచినట్టే. లేకపోతే? 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో షరతు ఉన్నట్టు రుజువు కాకపోతే సెక్షన్ 23 వర్తించదంది. తర్వాత 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో, ఇది పెద్దవాళ్ళ మేలు కోసం చేసిన చట్టం, దాన్ని ఉదారంగానే అర్థం చేసుకోవాలి అని, డీడ్‌తో పాటు కొడుకు రాసిచ్చిన వేరే హామీ కాగితాన్ని కూడా లెక్కలోకి తీసుకుని గిఫ్ట్ రద్దు చేసింది, ఇల్లు ఖాళీ చేయించే అధికారం కూడా ఈ చట్టం కింద ఫిర్యాదులు వినే ట్రిబ్యునల్‌కి ఉందంది. అంటే డీడ్‌లో ఆ ముక్క లేకపోయినా, అబ్బాయి వేరే కాగితం మీద రాసిచ్చింది ఏమైనా ఉంటే, ఆఖరికి చూసుకుంటాను అని పెట్టిన మెసేజ్ అయినా సరే, పట్టుకెళ్ళండి.

వెళ్ళాల్సింది కోర్టుకి కాదు, ఆర్డీవో ఆఫీసుకి. ఆ ట్రిబ్యునల్ ఆయన దగ్గరే ఉంటుంది. తెల్లకాగితం మీద మీ మాటల్లో మీరే రాసుకోవచ్చు, లాయర్ అక్కర్లేదు, మీరు వెళ్ళలేకపోతే మీ తరఫున ఇంకొకరికి ఒప్పగించొచ్చు. రెండూ అడగండి, గిఫ్ట్ రద్దూ అడగండి, నెలనెలా పోషణ ఖర్చూ అడగండి, పోషణకి చట్టంలో పెట్టిన గరిష్ఠం నెలకి 10,000 రూపాయలు. పోషణ దరఖాస్తుని నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని రూలు, మహా అయితే ఇంకో 30 రోజులు. ఆర్డీవో ఆర్డర్ మీకు నచ్చకపోతే 60 రోజుల్లో కలెక్టర్ దగ్గర అప్పీలు.

కొడుకు మీద కంప్లైంటు ఇస్తే ఊళ్ళో పరువు పోతుందని రాశారు చివర్లో. పరువు రేకుల గదిలో ఉన్న మీది పోయిందా, మేడమీదున్న వాళ్ళది పోయిందా అమ్మా? సరే, అది నా వృత్తికి సంబంధం లేని మాట.

ప్రశ్న: పై ఉత్తరం లాంటి పరిస్థితి రాకుండా మా నాన్న వీలునామా రాద్దామనుకుంటున్నారు. 100 రూపాయల స్టాంప్ పేపర్ కావాలా, రిజిస్ట్రేషన్ తప్పనిసరా? (ఒక పాఠకురాలు, విజయనగరం)

పై ఉత్తరం మీరెలా చూశారో నాకర్థం కాలేదు గానీ (మా సబ్ ఎడిటర్ ప్రశ్నలు కలిపేసినట్టున్నారు), ప్రశ్న మంచిది. రెండూ అక్కర్లేదు. తెల్లకాగితం చాలు, చేత్తో రాసినా టైపు చేసినా ఒకటే. కావాల్సింది ఇద్దరు సాక్షులు, నాన్నగారు సంతకం పెట్టడం వాళ్ళు కళ్ళారా చూడాలి, ఆయన ఎదురుగా వాళ్ళూ సంతకం చేయాలి. జనం ఇక్కడే దెబ్బతింటారు, సంతకాలన్నీ వేరే వేరే రోజుల్లో ఇల్లిల్లూ తిప్పి పెట్టించుకొస్తారు, రేపు కోర్టులో వీలునామా రుజువు చేయాలంటే ఆ సాక్షుల్లో కనీసం ఒకరు బోనెక్కి నా ఎదురుగానే పెట్టాడు అని చెప్పాలి, అప్పుడాయన నీళ్ళు నములుతాడు. అందుకని నాన్నగారి ఈడువాళ్ళని కాకుండా కాస్త వయసులో చిన్నవాళ్ళని, ఆస్తిలో ఏమీ రానివాళ్ళని పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ చేయిస్తే మంచిదే, కాగితం పోయినా కాపీ ఉంటుంది, ఆయన మంచం మీద ఉంటే సబ్ రిజిస్ట్రార్‌ని ఇంటికి రప్పించే వీలు కూడా ఉంది. కానీ రిజిస్టర్ చేశాం కాబట్టి మార్చలేరు అనుకోవద్దు, ఆయన బతికుండగా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, ఆఖరిగా రాసిందే చెల్లుతుంది, అది రిజిస్టర్ కాకపోయినా సరే.

ప్రశ్న: పెద్దమనుషుల ముందు 100 రూపాయల బాండ్ పేపర్ మీద నేను, నా భార్య విడిపోతున్నట్టు సంతకాలు చేశాం. నోటరీ కూడా అయింది. ఇంట్లో రెండో సంబంధం చూస్తున్నారు. (పేరు వద్దు, అనంతపురం)

చూడ్డం ఆపమనండి. నోటరీ స్టాంపు పడ్డా అది విడాకులు కాదు, మీరిద్దరూ ఇవాళ్టికీ చట్టం దృష్టిలో మొగుడూపెళ్ళాలే. కొన్ని కులాల్లో ఆచారంగా విడాకులు ఉన్నాయి, వాటిని హిందూ వివాహ చట్టం కూడా గుర్తిస్తుంది, కానీ ఆ ఆచారం అనాదిగా ఉందని మీరే కోర్టులో రుజువు చేసుకోవాలి, అది అనుకున్నంత తేలికేం కాదు. ఈ కాగితం నమ్ముకుని రెండో పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళి చెల్లదు, పైగా మీ మీద కేసు పెట్టొచ్చు, ఆ వచ్చే అమ్మాయి బతుకు మధ్యలో నలుగుతుంది.

ఇద్దరూ ఒప్పుకునే ఉన్నారు కాబట్టి పని కష్టం కాదు. ఏడాదిగా విడిగా ఉంటుంటే పరస్పర అంగీకారంతో విడాకులకి ఇద్దరూ కలిసి పిటిషన్ వేయండి, మామూలుగా 6 నెలలు ఆగమంటారు, కలిసే ఆశే లేదని, డబ్బులు, పిల్లల సంగతి అంతా సెటిల్ అయిందని చూపిస్తే ఆ 6 నెలలు తగ్గించే వీలుందని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ బాండ్ పేపర్ పారేయకండి, ఎప్పట్నుంచి విడిగా ఉంటున్నారో చెప్పడానికి అక్కరకొస్తుంది.

ప్రశ్న: నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి తమ్ముడు నామినీ. బ్యాంకు మొత్తం వాడికే ఇచ్చేసింది, డబ్బంతా నాదే అంటున్నాడు. బ్యాంకు మీద కేసు వేయొచ్చా? (ఒక పాఠకుడు, వరంగల్)

బ్యాంకు తప్పేం లేదండీ, నామినీకి ఇవ్వడమే వాళ్ళ పని. కానీ నామినీ అంటే డబ్బు చేతికి అందుకునేవాడు, అంతే, సొంతదారు కాదు. వీలునామా లేకపోతే అది వారసులందరిదీ. 2023 డిసెంబర్‌లో షేర్ల విషయంలో కూడా సుప్రీంకోర్టు అదే మాటంది. ఇన్సూరెన్స్ మాత్రం వేరు, 2015 సవరణ తర్వాత భార్యో భర్తో, తల్లిదండ్రులో, పిల్లలో నామినీ అయితే ఆ డబ్బు వాళ్ళదే. మీది ఎఫ్‌డీ కాబట్టి తమ్ముడికి ముందు మాటగా చెప్పండి, తర్వాత నోటీసు.

ప్రశ్న: భర్త వదిలేశాడు, కూలికెళ్తాను, లాయర్ ఫీజు ఇచ్చుకోలేను. (ఒక సోదరి, నల్గొండ)

ఇవ్వక్కర్లేదమ్మా. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని పెట్టాలని 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉంది, ఎస్సీ, ఎస్టీలకీ, వికలాంగులకీ, పిల్లలకీ కూడా. మీ జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ అని బోర్డుంటుంది, అక్కడ దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కి ఫోన్ చేయండి, అది టోల్ ఫ్రీ. పెళ్ళి ఫోటో, ఆధార్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు జెరాక్స్ తీసి పట్టుకెళ్ళండి, ఒరిజినల్స్ మాత్రం ఎవరడిగినా వదిలేసి రాకండి. లోక్ అదాలత్‌లో రాజీకి రమ్మంటే వెళ్ళండి గానీ, అక్కడ సంతకం పెట్టాక అప్పీలు ఉండదు, నెలకి ఎంత, ఏ తేదీకి, ఏ అకౌంట్లో అన్నది కాగితం మీద పడ్డాకే పెట్టండి.

కడప నుంచి పేరు లేకుండా రాసిన పాఠకుడికి: మీరు సర్వే నంబర్ రాశారు, హద్దులు రాశారు, పక్క పొలమాయన తిట్టిన తిట్లు కూడా రాశారు, దస్తావేజు ఏ సంవత్సరానిదో మాత్రం రాయలేదు. ఈసీ (ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి జెరాక్స్ పంపండి, వచ్చే సంచికలో చూద్దాం.